సుమత్రా సాంబ్రాణి ఊళ్లు, మన ఫారం-సి



చంటిపిల్లకు తలంటు పోశాక వేసే సాంబ్రాణి పొగ మనకు కొత్త కాదు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే కప్పు సాంబ్రాణిలో ఏమేం కలుపుతున్నరో గానీ, అసలు సాంబ్రాణి అంటే ఒక చెట్టు బంక. మన తపసి బంక లాంటిదే. ఆ చెట్లకు పెట్టింది పేరు ఇండోనేషియాలోని సుమత్రా దీవి. చెట్టుకు గాటు పెట్టి ఆ బంక తీసేది అక్కడి బటక్ రైతులు. వాళ్ల ఊళ్లలో రెండింటి గురించే ఈ వ్యాసం. ఒకటి పాండుమాన్, రెండోది సిపిటుహుటా. పక్కపక్క ఊళ్లు. అడవి ఉమ్మడి, పోరాటం ఉమ్మడి. అందుకే అక్కడ రెండు పేర్లూ కలిపే పలుకుతారు.

ఉత్తర సుమత్రాలో హుంబాంగ్ హసుందుటాన్ జిల్లా, పొల్లుంగ్ మండలం. తోబా సరస్సుకు దక్షిణం వైపు ఎత్తైన, చల్లటి కొండ నేల. ఆ సరస్సు ఒకప్పుడు పేలిన అగ్నిపర్వతం నోరు. దాదాపు 74,000 ఏళ్ల కింద అది పేలినప్పుడు ఎగిసిన బూడిద మన నంద్యాల జిల్లా జ్వాలాపురం దాకా వచ్చి పడింది. ఆ బూడిద పొర ఇప్పటికీ అక్కడి నేలలో కనపడుతది. దూరం అనుకుంటం గానీ, మరీ అంత దూరం కాదు.

ఊళ్లో వరి మళ్లు, కాఫీ చెట్లు, కూరగాయలు. తిండికి అవి. చేతిలో డబ్బు ఆడాలంటే మాత్రం సాంబ్రాణే. దాన్ని వాళ్లు హమింజోన్ అంటారు, అడవిని తోంబాక్ అంటారు. మనకు గట్టు, సగ ఉన్నట్టే వాళ్లకు మార్గా ఉంటది. ఎవరి మార్గా ఏది, ఎవరి తాత ఏ వాగు పక్క చెట్లు గీసేవాడు అన్నది పిల్లలకు కూడా తెలుసు. చెట్లు కుటుంబాలవి, తండ్రి నుంచి పిల్లలకు వస్తయి. అడవి మాత్రం ఊరిది.

గీత పని ఎట్లా ఉంటదో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే అసలు తగాదా అంతా అందులోనే ఉంది. రైతు బియ్యం, ఉప్పు కట్టుకుని అడవికి పోతడు. చిన్న పాకలో నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం ఉంటడు. తాడు కట్టుకుని చెట్టెక్కి ముందు బెరడు మీది పాచి, పొట్టు గీకి శుభ్రం చేస్తడు. తర్వాత చిన్న ఇనుప పనిముట్టుతో గాటు పెట్టి, పిడితో మెల్లగా కొట్టి మూస్తడు. లోతు ఎక్కువైతే చెట్టు చస్తది, తక్కువైతే బంక రాదు. తపసి చెట్టుకు గాటు పెట్టిన కొండరెడ్డి, చెంచు, కోయ పెద్దలను అడగండి, ఇదే మాట చెప్తారు. గొడ్డలితో ఇష్టమొచ్చినట్టు చెక్కి మన దగ్గర ఎన్ని తపసి చెట్లు ఎండబెట్టారో కూడా చెప్తారు. గాటు పెట్టిన కొన్ని నెలలకు లోపల ఊరిన పాలు గడ్డకట్టి తెల్లటి బిళ్లలవుతయి. మొదటి తీత మేలిరకం. తర్వాత కారింది రెండో రకం, మూడో రకం.

ఈ చెట్టు గురించి వాళ్లకో కథ ఉంది. తల్లిదండ్రుల అప్పు కింద ఇష్టం లేని పెళ్లి చేయబోతే ఒక పిల్ల అడవిలోకి పారిపోయి చెట్టయిపోయిందట. బంక ఆమె కన్నీళ్లు. అందుకే కోపంతోనో, ఇంట్లో గొడవపడో చెట్టు దగ్గరికి పోకూడదంటారు. మొదటి గాటుకు ముందు వరిపిండితో చేసిన ప్రసాదం పెట్టి మొక్కుతారు. ఆ తంతు పేరు మర్హొత్తాస్. బటక్ జనంలో చాలామంది తరాల కింద నుంచే క్రైస్తవులు. ఆదివారం చర్చికి పోతారు, సీజన్‌లో చెట్టుకు మొక్కుతారు. మతం మారినోళ్లు ఆదివాసులు కారు, జాబితాలోంచి తీసేయాలి అని మన దగ్గర గొంతు చించుకునేవాళ్లు ఈ ఊళ్లను ఒక్కసారి చూస్తే బాగుండు. అడవి కోసం లాఠీలకు ఎదురుపోయింది ఈ చర్చి జనమే.

ఇంకొక సంగతి. ఈ బంక వ్యాపారం నిన్నమొన్నటిది కాదు. సుమత్రా పడమటి తీరంలోని బారుస్ రేవు నుంచి కర్పూరం, సాంబ్రాణి వందల ఏళ్లు ఓడలెక్కినయి. మన దక్షిణాది వర్తకుల సంఘం ఒకటి 1088లో అక్కడ తమిళ శాసనం కూడా వేయించింది. అరబ్బులు దీన్ని లుబాన్ జావీ అన్నారు, అంటే జావా సాంబ్రాణి. యూరప్ వాళ్ల నోట అది బెంజోయిన్ అయింది. దాన్నుంచే ఇంటర్ కెమిస్ట్రీలో మనం బట్టీ పట్టే బెంజీన్ పేరు పుట్టింది. కొండ మీద తాడు కట్టుకుని చెట్టెక్కిన రైతు పని ప్రపంచపు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కానీ ఇండోనేషియా సర్కారు కాగితాల్లో ఆ అడవి ఎవరిదీ కాదు, అంటే సర్కారుది!

ఈ లెక్క డచ్చివాళ్లు పెట్టిపోయింది. 1870లో వాళ్లు చేసిన భూచట్టం అర్థం ఒక్కటే: తనదని రుజువు చూపలేని నేలంతా ప్రభుత్వానిది. ఇక్కడ తెల్లోడు 1878 అటవీ చట్టంతో, 1882 మద్రాసు అటవీ చట్టంతో చేసింది కూడా అదే పని. స్వాతంత్ర్యం వచ్చాక రెండు దేశాల్లో జెండాలు మారినయి, ఫారెస్టు రిజిస్టర్లు మారలేదు. 1992లో ఇండోనేషియా అటవీ మంత్రిత్వ శాఖ ఒక గుజ్జు కంపెనీకి ఉత్తర సుమత్రాలో 2 లక్షల 69 వేల హెక్టార్లు రాసిచ్చింది. ఇప్పుడు దాని పేరు తోబా పల్ప్ లెస్తారి. ఆ గీతల లోపల ఈ రెండు ఊళ్ల తోంబాక్ కూడా పడిపోయింది. ఊళ్లో ఎవర్నీ అడగలేదు.

కంపెనీకి కావాల్సింది యూకలిప్టస్. భద్రాచలం, కొత్తగూడెం వైపు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, అదే మన జామాయిల్. వరసలు వరసలుగా ఒకే చెట్టు, కింద గడ్డి కూడా సరిగా మొలవదు, మధ్యలో పక్షి కూత వినపడదు. దాన్ని రికార్డులో అడవి అని రాస్తారు. సాంబ్రాణి చెట్టు మాత్రం వంద రకాల చెట్ల మధ్య, నీడలో, కలగాపులగంగా పెరుగుతది. అది తోట అని బయటోడికి తెలియదు. మనుషులు తరాలుగా కాపాడి, మొలకలు తప్పించి, చుట్టూ కలుపు కోసి పెంచిన తోట అది. ఖాళీ అడవి అనుకుని రంపాలు పంపించారు. మన పోడు చేను పడావు పెట్టిన ఏడాది ఖాళీ భూమి అని కందకాలు తవ్వినట్టే.

2009 జూన్‌లో కంపెనీ మనుషులు సాంబ్రాణి చెట్లు నరికారు. ఊరోళ్లు పోయి రంపాలు గుంజుకున్నారు. అక్కడి నుంచి ధర్నాలు, జిల్లా ఆఫీసు, రాజధాని మెడాన్, జకార్తా, మళ్లీ ఊరు. ఈ తిరుగుళ్లలో ముందు నడిచింది ఆడవాళ్లు. 2013 ఫిబ్రవరి 25న గొడవ జరిగి పోలీసులు 31 మందిని పట్టుకుపోయారు. అందులో 16 మంది మీద కేసులు పెట్టారు. నరికినోళ్ల మీద కాదు, అడ్డుపడినోళ్ల మీద. ఈ భాగం మనకు బాగా తెలిసిన కథ, పొడిగించను.

అదే ఏడాది రెండు తీర్పులొచ్చినయి. ఏప్రిల్ 18న మన సుప్రీంకోర్టు నియంగిరి కొండ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. డోంగ్రియా కోందుల 12 గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. నెల తిరక్కముందే మే 16న ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం ఇంకో తీర్పిచ్చింది. అక్కడి ఆదివాసీ సమాజాల సమాఖ్య ఆమాన్ వేసిన కేసు అది. 1999 అటవీ చట్టంలో ఆదివాసీ అడవికి ఒక నిర్వచనం ఉండేది: ఆదివాసీ సమాజం నేలలో ఉన్న ప్రభుత్వ అడవి అని. కోర్టు ఆ వాక్యంలోంచి ‘ప్రభుత్వ’ అన్న ఒక్క మాట కొట్టేసింది. ఒక్క మాటతో ఆదివాసీ అడవి సర్కారు అడవి కాకుండా పోయింది.

కాగితం మీద పోయింది. నేల మీద ఏం జరిగిందో చూడండి. 2016 డిసెంబర్ 30న అధ్యక్షుడు జోకో విడోడో తొమ్మిది సమాజాలను జకార్తా భవనానికి పిలిచి వాళ్ల అడవులను గుర్తిస్తూ పత్రాలిచ్చాడు. దేశంలో అదే మొదటిసారి. మన రెండు ఊళ్లకు కంపెనీ లీజు నుంచి 5,172 హెక్టార్లు తీసి పక్కన పెట్టారు. పండగ చేసుకున్నారు. కానీ అది తుది పత్రం కాదు. ముందు జిల్లా కౌన్సిల్ ఈ ఊళ్లను ఆదివాసీ సమాజంగా ఒప్పుకుంటూ చట్టం చేయాలట. తరాలుగా అక్కడే ఉన్నోళ్లను, ఉన్నారని ఒప్పుకోవడానికి! ఆ చట్టం 2019లో వచ్చింది. తుది పత్రం 2022 ఫిబ్రవరిలో, తోబా సరస్సు ఒడ్డున, మళ్లీ అధ్యక్షుడి చేతుల మీదుగా అందింది. అందులో ఉన్నది 2,393 హెక్టార్లు.

లెక్క మళ్లీ చూడండి. ఊరోళ్లు తామే నడిచి, కొలిచి గీసుకున్న మ్యాపులో దాదాపు 6,000 హెక్టార్లు. 2016లో 5,172. 2022లో 2,393. ఈ మధ్యలోనే అదే పొల్లుంగ్ మండలంలో సర్కారు ఫుడ్ ఎస్టేట్ అనే పెద్ద పథకం తెచ్చి ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి వేయించింది. గుర్తింపు అనేది సర్కారు దయగా ఇచ్చే వస్తువైతే, ఇచ్చే ప్రతిసారీ కత్తిరిస్తూనే ఉంటది. అయినా ఆ 2,393 కూడా ఎవరూ ఊరికే ఇయ్యలేదు. అది మొత్తం అడవిని అడిగి, పదమూడేళ్లు పట్టు వదలకపోతే వచ్చింది.

ఇక్కడే మన సంగతి మాట్లాడాలి. మన అటవీ హక్కుల చట్టం ఇండోనేషియా వాళ్లకు లేని ఆయుధం. అక్కడ ఆదివాసీ సమాజాల బిల్లు పదేళ్లకు పైగా పార్లమెంటులో నానుతనే ఉంది. మనకు 2006లోనే చట్టం ఉంది. అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది, ఊరి అడవిని ఊరే కాపాడుకునే హక్కు ఉంది. దాన్ని ఏం చేశాం? పోడు పట్టా చట్టం చేసేశాం. నాయకుడొచ్చినా, ఎన్నికలొచ్చినా, ఐటీడీఏ ముందు కూర్చున్నా ఒకటే అడుగుతున్నం: నా ఎకరం నాకియ్యి. 2023లో తెలంగాణలో దాదాపు 4 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. మంచిదే, కాదనను. కానీ అవి వ్యక్తిగత పట్టాలు. తపసి చెట్టు, ఇప్పచెట్టు, తునికాకు, వెదురు, వాగు, దేవర గుట్ట ఏ పట్టాలోనూ ఉండవు. పట్టా గీత దాటి అడుగు పెడితే మళ్లీ బీటు ఆఫీసర్ రాజ్యమే.

ఫారెస్టోళ్లకు కూడా ఇదే బాగుంది. విడివిడిగా అడిగేవాళ్లకు విడివిడిగా సమాధానం చెప్పొచ్చు. ఒకడికిచ్చి ఒకడిని ఆపొచ్చు, అన్నదమ్ముల మధ్య తగాదా పెట్టొచ్చు. పాండుమాన్‌లో కంపెనీ ఒక్కో కుటుంబాన్ని దగ్గరకు తీయాలంటే కష్టమైంది, ఎందుకంటే చెట్లు ఎవరివి వాళ్లవైనా అడిగింది తోంబాక్ మొత్తం. నా చెట్లు నాకిచ్చేయండి చాలు అని ఏ ఇల్లూ బేరం పెట్టుకోలేదు.

వాళ్లకు కష్టాలు లేవని కాదు. సాంబ్రాణి ధర దళారుల చేతుల్లో ఉంది. మన జీసీసీ లాంటి సంస్థ మీద మనకు వంద ఫిర్యాదులున్నా, డిపో అంటూ ఒకటి ఉంది. వాళ్లకు అదీ లేదు. చెట్టెక్కడం నేర్చుకునే కుర్రాళ్లు తగ్గుతున్నారు. మెడాన్‌లో, జకార్తాలో చిన్న ఉద్యోగం దొరికితే పోతున్నారు. ఈ మాట చదివేవాళ్లలో హైదరాబాద్ హాస్టల్లోనో, విశాఖలో సెక్యూరిటీ పనిలోనో ఉన్నోళ్లు కొంతమంది ఉంటారు. తప్పు పట్టడం లేదు. కానీ గీసేవాడు లేని చెట్టు మీద హక్కు అడగడం కష్టం. కోర్టులో రేపు అడిగేది కూడా అదే: ఈ అడవితో మీకేం పని?

సామూహిక హక్కుకు ఫారం-బి, ఊరి అడవి మొత్తానికి ఫారం-సి. 2012 సవరణ నిబంధనల్లో ఫారం-సి వచ్చింది. గ్రామసభ పెట్టి, తీర్మానం రాసి పంపాలి. రుజువుగా సర్వే నంబర్లు, పాత రసీదులే కావాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. పెద్దమనుషుల వాంగ్మూలం రాసిపెడితే చెల్లుతది. శ్మశానం, దేవర చోటు, గడ్డలు తవ్వుకునే చోటు, పశువులు మేసే చోటు, ఇవన్నీ రుజువులే. హద్దుల మ్యాపు మాత్రం జతచేయాలి.

ఎండలు ముదిరితే తపసి గీత మొదలవుతది. ఈసారి సెలవులకు పోయినోళ్లు మీ అయ్యతోనో, తాతతోనో రెండు రోజులు అడవికి పోండి. ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని చెట్టు చెట్టుకూ గుర్తు పెట్టండి. ఏ గుట్టను ఏమంటారు, ఏ వాగు ఎక్కడ మలుగుతది, ఏ రాయి దగ్గర మన ఊరు అయిపోయి పక్క ఊరు మొదలవుతది, అడిగి రాసుకోండి. మన భాషలో ఉన్న ఆ పేర్లు ఫారెస్టు మ్యాపులో ఉండవు. ఫారం-సిలో ఆ పేర్లతోనే హద్దులు రాయండి.