అర్జీ కాదు, పద్దు

సోమవారం వచ్చిందంటే నగరపాలక సంస్థల ఆఫీసుల దగ్గర అర్జీదారులు వరస కడతారు. చేతిలో తెల్లకాగితం, దానికి గుండుసూదితో గుచ్చిన ఆధార్ జిరాక్సు, ఫోన్లో పొంగిపొర్లుతున్న కాలువ ఫొటోలు. ఆంధ్రప్రదేశ్‌లో మొన్నటిదాకా దీన్ని స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. తెలంగాణలో ప్రజావాణి. పేర్లు మారాయి కానీ ఆ తెల్లకాగితం మారలేదు. దాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. కమిషనర్ గారి దివ్యసముఖానికి అని మొదలవుతుంది. వానొస్తే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి, పిల్లలు బడికి వెళ్లలేకపోతున్నారు, తమరు దయతలచి కాలువ మంజూరు చేయించ ప్రార్థన అని ముగుస్తుంది. అడుగున వీధివాళ్ల సంతకాలు, నాలుగైదు వేలిముద్రలు. ఆ సంతకాలు పెట్టిన ప్రతి సొంతింట్లోనూ ఇంకో కాగితం ఉంటుంది, ఆస్తి పన్ను నోటీసు. అందులో దయలూ ప్రార్థనలూ కనపడవు. ఇంత కట్టాలి, ఈ తేదీలోపు కట్టాలి, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఒకే సంస్థకీ ఒకే పౌరుడికీ మధ్య నడిచే ఈ రెండు కాగితాల భాషలో ఇంత తేడా ఎందుకుండాలి? మన డబ్బుతో మన వీధికి కాలువ వేయమని అడగడానికి మనం చేతులు జోడించాల్సిన అవసరం ఏమిటి? ఈ వారం నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న ఇదే.

అర్జీలు తీసుకునే అధికారులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లలో ఓపిగ్గా వినేవాళ్లు ఉన్నారు, కాగితం మీద రాసి కింది ఇంజినీరుకు పంపేవాళ్లు ఉన్నారు. లోపం మనుషుల్లో కాదు, అర్జీ వచ్చే వేళలో ఉంది. ఏప్రిల్ ఒకటిన మొదలయ్యే ఏడాదికి ఏ పనికి ఎంత అన్నది అంతకుముందు చలికాలంలోనే అధికారులు లెక్కలు వేస్తారు, స్టాండింగ్ కమిటీ చూస్తుంది, కౌన్సిల్ ఉంటే కౌన్సిల్ చేతులెత్తుతుంది, లేకపోతే ప్రత్యేకాధికారి సంతకంతో అయిపోతుంది. ఆ నెలల్లో వీధిలోకి వచ్చి మీకేం కావాలని అడిగిన వాళ్లుండరు. పద్దులన్నీ రాసేశాక జూలై వానలకు వీధి మునుగుతుంది, అప్పుడు జనం అర్జీ పట్టుకుని బయలుదేరుతారు. అప్పటికి చెప్పగలిగిన జవాబు ఒకటే: ఎస్టిమేటు వేయించాం, నిధులు లేవు, వచ్చే బడ్జెట్లో చూద్దాం. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ వచ్చే బడ్జెట్ రాసేటప్పుడు ఆ వీధి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి జనం అడగాల్సింది అర్జీకి రసీదు కాదు. ప్రతి వార్డుకూ బడ్జెట్లో ముందే విడిగా ఒక పద్దు రాయాలి. ఆ పద్దు కింద ఏ పని చేయాలో వార్డు ప్రజలు సభలో కూర్చుని తేల్చాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ దీనికి అడ్డుచెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా చెప్పాలి.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ చెబుతోంది. తర్వాత నగరాల కోసం 2005 డిసెంబరులో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకంలో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ నగరాలకు కేంద్రం నిధులిచ్చేటప్పుడు, పౌరుల భాగస్వామ్యానికి చట్టం చేయాలని షరతు పెట్టింది. ఉమ్మడి రాష్ట్రం చట్టాలు సవరించి వార్డు కమిటీలనూ, వార్డులోని పేటల వారీ ఏరియా సభలనూ వాటిలో రాసుకుంది. హైదరాబాద్‌లో 2020లో చట్టాన్ని మళ్లీ సవరించి యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరు కమిటీలన్నారు. ఇన్నిసార్లు రాసుకున్న మాట ఒక్కసారైనా నిండుగా అమలైందా? మీ ఏరియా సభ ఎప్పుడు జరిగిందని నగరంలో ఎవరినైనా అడగండి, అసలు ఆ మాటే విననివాళ్లు ఎక్కువమంది తేలతారు. పల్లెల్లో అలా కాదు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. ఆ సభలన్నీ గొప్పగా జరిగాయని నేననను. మైకు ఎవరి చేతిలో ఉందో, మూలన కూర్చున్నవాళ్ల మాట ఎంత విన్నారో ఊరూరికీ తేడా ఉంటుంది. కానీ ఊళ్లో మనిషికి పనుల జాబితా మీద తన మాట చెప్పే ఒక వేదిక, ఒక తేదీ ఉన్నాయి. ఆ మనిషే బతుకుతెరువుకు గాజువాకకో కూకట్‌పల్లికో వచ్చి ఇల్లు అద్దెకు తీసుకున్న మరునాటి నుంచి ఆ వేదికా లేదు, ఆ తేదీ కూడా లేదు. నగరానికి వచ్చిన పాపానికి పౌరుడి హక్కు తగ్గిపోవాలా?

కార్పొరేటర్లు ఉన్నారు కదా, వాళ్లు చాలరా అని మొదటి అభ్యంతరం. ఉన్నంతకాలం సరే. మహా విశాఖ నగరపాలక సంస్థకు 2012లో కౌన్సిల్ గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు అంత పెద్ద నగరం ప్రత్యేకాధికారుల చేతిలో నడిచింది. అంతకుముందు హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986 ఎన్నికల తర్వాత మళ్లీ ఎన్నిక జరగడానికి 2002 దాకా పట్టింది. కౌన్సిల్ లేని ఏళ్లలో పన్ను వసూళ్లు ఒక్కరోజు కూడా ఆగలేదు. కౌన్సిల్ ఉన్నప్పుడైనా ఒక్క కార్పొరేటరు ఇరవై వేల మంది అవసరాలను తూకం వేయాలి, ఎవరి వీధి ముందో ఎవరి వీధి వెనకో తనే తేల్చి ఆ నిందా తనే మోయాలి. వార్డు సభ కార్పొరేటరు కుర్చీ లాగేసుకోదు. ఆ నిర్ణయాన్ని నలుగురి ముందు చేయించి, అతన్ని నిందనుంచి కాపాడుతుంది.

డబ్బెక్కడిదన్నది రెండో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయలేం. దేశంలోని మునిసిపల్ కార్పొరేషన్లన్నిటి రాబడి కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో 0.6 శాతమేనని రిజర్వు బ్యాంకు 2024 నివేదిక తేల్చింది. జీతాలు, కరెంటు, చెత్త తరలింపు పోగా మిగిలేది కొంచెమే. అయితే ఆ కొంచెంలో ఎవరి మాట చెల్లుతోందన్నదే నా ప్రశ్న. విశాఖలో 98 వార్డులున్నాయి. వార్డుకు 50 లక్షల చొప్పున పక్కనపెడితే 49 కోట్లు. ఏటా వేల కోట్ల బడ్జెట్ వేసే సంస్థకు ఇది మోయలేని బరువేమీ కాదు. పైగా ఇలా ఇవ్వడం కొత్త కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో గడప గడపకు మన ప్రభుత్వం కార్యక్రమంలో ఒక్కో గ్రామ, వార్డు సచివాలయానికి 20 లక్షల చొప్పున కేటాయిస్తామన్నారు. 15,004 సచివాలయాలకు లెక్కేస్తే మూడు వేల కోట్లు. పద్ధతిగా చూస్తే మంచి ఆలోచన, ఎందుకంటే ఇంత సొమ్ము మీ ప్రాంతానిది అని ముందే చెప్పారు. కానీ పనుల ఎంపికను సభకు వదలకుండా ఎమ్మెల్యే పర్యటనకు ముడిపెట్టారు. ఎమ్మెల్యే గడప దగ్గరకు వచ్చినప్పుడు ఎదురుపడి అడగగలిగినవాళ్ల మాట ముందుకు వెళ్లింది. అంటే అర్జీయే మళ్లీ, కాకపోతే జనం ఆఫీసుకు వెళ్లకుండా ఆఫీసు జనం దగ్గరకు వచ్చింది. ప్రభుత్వం మారింది, ఆ కార్యక్రమం పోయింది. దానితోపాటు సచివాలయానికి ఇంత అనే లెక్క కూడా పోవడమే నాకు బాధ. పార్టీ గుర్తు చెరిపేసి ఆ లెక్కను చట్టంలో రాసి ఉంటే ఎంత బాగుండేది.

మనుషులెక్కడ, సభలు పెట్టేదెవరు అని అడిగేవాళ్లకు జవాబు ఆంధ్రప్రదేశ్ వార్డుల్లోనే ఉంది. 2019 నుంచి సచివాలయాలున్నాయి, శానిటేషన్‌కు ఒకరు, ప్లానింగ్‌కు ఒకరు, రోడ్లూ కాలువల వంటి సౌకర్యాలకు ఒకరు చొప్పున కార్యదర్శులున్నారు. 2021లో చెత్తకు నెలకు 120 రూపాయల దాకా వసూలు చేయాలనుకున్నప్పుడు ఇంటింటికీ తిరగడానికి సిబ్బంది దొరికారు. ఆ వసూలు 2024లో రద్దయింది, మంచిదే. ఇంటింటికీ వెళ్లి డబ్బు అడగగలిగిన యంత్రాంగం ఏడాదికి రెండుసార్లు, బడ్జెట్‌కు ముందోసారి, పనులయ్యాక ఒకసారి, సచివాలయం ముందు షామియానా వేసి సభ పెట్టలేదంటే నేను నమ్మను. అదే 2021 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ బదులు మూలధన విలువ మీద లెక్కించడం మొదలుపెట్టారు, ఏటా 15 శాతం దాకా పెరిగేలా. పన్ను లెక్కకు కొత్త పద్ధతి నేర్చుకున్న సంస్థ ఖర్చు లెక్కకు కూడా కొత్త పద్ధతి నేర్చుకోగలదు.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను గౌరవిస్తాను. సభ పెడితే గొంతున్నవాడిదే రాజ్యమవుతుంది, అపార్టుమెంట్ల సంఘాలు నడకదారులూ పార్కులూ పట్టుకుపోతాయి, కొండవాలు బస్తీల వాళ్లకు ఆ సాయంత్రం కూలిపని ఉంటుంది, రాలేరు అని. విశాఖ తెలిసినవాళ్లకు ఈ భయం ఎంత నిజమో తెలుసు. కొండవాలున కట్టుకున్న ఇళ్లకు కావలసింది పార్కు కాదు. పైదాకా నీళ్లెక్కించే మోటారు, బిందెతో జారకుండా ఎక్కే మెట్లు, వానల్లో మట్టిపెళ్ల విరిగి గోడ మీద పడకుండా ఆపే రక్షణ గోడ కావాలి. కానీ ఈ అసమానత సభతో పుట్టింది కాదు. ఇప్పుడు సభ లేకుండానే బీచ్ రోడ్డు మెరుస్తోంది, కొండమీద బిందెలు మోస్తున్నారు. దీనికి మందు లోకంలో ఇదివరకే కనిపెట్టారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్‌ను పేటల సభల ముందు పెట్టినప్పుడు, సొమ్మును అన్ని పేటలకూ సమానంగా పంచలేదు. జనాభా ఎంత, సౌకర్యాల కొరత ఎంత, జనం ముందు అడిగిన పని ఏది అని మార్కులు వేసి, లేనివాళ్లకు ఎక్కువ ఇచ్చింది. 1988లో 75 శాతం ఇళ్లకున్న నీటి, మురుగు కనెక్షన్లు 1997 నాటికి 98 శాతానికి చేరాయని ప్రపంచ బ్యాంకు లెక్క. ఆ నగరంలోనే 2017లో ఆ పద్ధతిని ఆపేశారన్నదీ చెప్పాలి. పాలకుల ఇష్టం మీద బతికే ఏర్పాటు పాలకులు మారితే పోతుంది. అందుకే చట్టంలో రాయాలంటున్నాను.

అంత దూరం ఎందుకంటే పుణె ఉంది. అక్కడి నగరపాలక సంస్థ 2006-07 బడ్జెట్ నుంచి పౌరుల దగ్గర పనుల ప్రతిపాదనలు తీసుకుంటోంది. బడ్జెట్ రాయడానికి కొన్ని నెలల ముందే వార్డు ఆఫీసులో ఒక ఫారం ఇస్తారు, ఒక్కో పని ఐదు లక్షలకు మించకూడదు. బస్టాపు, వీధిదీపాలు, పేవ్‌మెంటు వంటి చిన్న పనులు. అది సభ కాదు, ఫారమే, అందుకే నాకు పూర్తి తృప్తి లేదు. అయినా అక్కడి పౌరుడి కాగితం బడ్జెట్‌కు ముందు చేరుతోంది, మన కాగితం తర్వాత చేరుతోంది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలింది. ఇతర రాష్ట్రాలు ముప్పై, ఇరవై ఏళ్ల కిందట మొదలుపెట్టిన పని మనకింకా కొత్త ఆలోచనగా చెప్పుకోవాల్సి రావడం కష్టంగా ఉంది.

ముందుగా పద్దు రాసినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదు, దానికి రుజువు మన పన్ను నోటీసులోనే ఉంది, గ్రంథాలయ సెస్సు. ఈ సంగతి ఎత్తితే నాకు ఆపడం కష్టం. తెలుగు నేల మీద గ్రంథాలయం ప్రభుత్వం పెట్టింది కాదు, జనం పెట్టుకున్నది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, తర్వాత అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరిగి నిలబెట్టిన ఉద్యమం, ఇవన్నీ చందాలతో నడిచాయి. ఊరి అవసరానికి ఊరే చందా వేసుకోవడం ఎల్లకాలం సాగదని 1960లో చట్టం తెచ్చి, ఇంటి పన్నుతో పాటు సెస్సు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు ఇవ్వమన్నారు. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఇంతకన్నా స్పష్టమైన పద్దు ఉంటుందా? ఎవరి నుంచి, ఎంత, దేనికి, అన్నీ చట్టంలోనే ఉన్నాయి. పౌరుడు ఏటా కడుతున్నాడు. వసూలు చేసిన సంస్థలు మాత్రం ఆ సొమ్మును జిల్లా, నగర గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదని, బకాయిలు పేరుకుపోతున్నాయని గ్రంథాలయాలవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ 8 పైసలు మునిసిపాలిటీది కాదు. అది చేతులు మారడానికి ఇచ్చిన సొమ్ము, ఖర్చులకు వాడుకోవడానికి ఇచ్చింది కాదు. పోటీ పరీక్షల పిల్లలు శాఖా గ్రంథాలయంలో కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. కొత్త పుస్తకాలకు డబ్బుల్లేవు, ఖాళీ అయిన గ్రంథపాలకుల పోస్టుల్లో మనుషుల్లేరు. గ్రంథాలయాల పేరు చెప్పి వసూలైన సొమ్ము ఇంకెక్కడో ఖర్చవుతోంది. పౌరుడు ఆలస్యం చేస్తే నెలకు 2 శాతం వడ్డీ వేసే సంస్థ, తను ఆలస్యం చేసిన సెస్సు మీద అదే వడ్డీ గ్రంథాలయాలకు ఎందుకు చెల్లించదు?

కాబట్టి సభతోపాటు లెక్క కూడా కావాలి, అదీ తెలుగులో. లావుపాటి బడ్జెట్ పుస్తకాన్ని ఇంగ్లీషులో వెబ్‌సైట్లో పెట్టి పారదర్శకత అంటే ఒప్పుకోలేం. పన్ను నోటీసు తెలుగులో ఇంటికి పంపగలిగినప్పుడు లెక్క కూడా పంపవచ్చు. వచ్చే ఏడాది నోటీసు వెనకవైపున నాలుగు పంక్తులు అచ్చువేయమని అడుగుతున్నాను: మీ వార్డులో కిందటేడు వసూలైన పన్ను ఎంత, మీ వార్డులో పెట్టిన ఖర్చు ఎంత, సభ తీర్మానించిన పనుల్లో పూర్తయినవి ఏవి, మీరు కట్టిన గ్రంథాలయ సెస్సును ఏ తేదీన జమ చేశాం.