జబ్బు ఒకటి... చూపేది మరొకటి

గర్భిణికి మొదట్లో చేసే రక్తపరీక్షల్లో సిఫిలిస్ పరీక్ష ఒకటి. కె.కోటపాడులోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇది మామూలే. వీడీఆర్‌ఎల్ పద్ధతిలో చేసినప్పుడు ఒక్కోసారి ‘పాజిటివ్’ అని వస్తుంది. ఇక ఆ ఇంట్లో మనశ్శాంతి ఉండదు. సుఖవ్యాధి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని భార్యాభర్తల మధ్య అనుమానాలు మొదలవుతాయి. నిజానికి కొందరికి ఆ జబ్బే ఉండదు. వీడీఆర్‌ఎల్‌లో వాడేది కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం. దాన్ని మొదట ఎద్దు గుండె నుంచి తీశారు. రక్తంలో ఇలాంటి కొవ్వులను అంటుకునే యాంటీబాడీలు ఉంటే సిఫిలిస్ లేకున్నా పరీక్ష పాజిటివ్ అంటుంది. ఇవి ఎక్కువగా కనిపించేది లూపస్ రోగుల్లో.

కంచే చేను మేస్తే...

సూక్ష్మజీవులను పట్టుకోవాల్సిన యాంటీబాడీలు సొంత కణాల మీదే తిరగబడితే అదే లూపస్. రోగుల్లో పదికి తొమ్మిదిమంది ఆడవాళ్లు. బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ, ఎండ పడకపోవడం, కీళ్లనొప్పులు, నోటిపూత, జుట్టు రాలడం దీని లక్షణాలు. కిడ్నీలూ దెబ్బతినొచ్చు. లూపస్ ఉన్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఈ ‘యాంటీఫాస్ఫోలిపిడ్’ యాంటీబాడీలు ఉంటాయి. లూపస్ లేనివాళ్లలోనూ కొందరికి ఉంటాయి.

1952లో అమెరికా వైద్యులు కాన్లీ, హార్ట్‌మన్ ఇద్దరు లూపస్ రోగుల రక్తం పరీక్షనాళికలో ఆలస్యంగా గడ్డకట్టడం గమనించారు. అలాంటప్పుడు రక్తస్రావం భయం ఉండాలి కదా! తీరా చూస్తే ఇలాంటి రోగుల్లో జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. కాళ్ల సిరల్లో గడ్డలు, చిన్న వయసులోనే పక్షవాతం, మళ్లీమళ్లీ గర్భస్రావాలు. వీటన్నిటినీ ఒక తాటిమీదకు తెచ్చి 1983లో లండన్ వైద్యుడు గ్రాహమ్ హ్యూస్ ఇది ఒక ప్రత్యేకమైన జబ్బని చాటారు.

ఎందుకిలా?

కణం చుట్టూ ఉండే పొరలో ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు లోపలివైపే ఉంటుంది. కణం చనిపోతున్నప్పుడు అది పైకి తేలుతుంది. ‘నన్ను ఎత్తేయండి’ అని పాకీపని చేసే కణాలకు అదే సైగ. లూపస్‌లో ఈ ఊడ్చే పని మందగిస్తుంది. పేరుకున్న చెత్తను శత్రువుగా పొరబడే శరీరం దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఉత్తేజితమైన ప్లేట్‌లెట్ల మీదా ఇదే కొవ్వు బయటపడుతుంది. రక్తం గడ్డకట్టే ప్రక్రియ నడిచేది దాని మీదే. ప్రోత్రాంబిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్-1 అనే రక్తప్రొటీన్లు అక్కడ అతుక్కుంటాయి. యాంటీబాడీల అసలు గురి కొవ్వు కాదు, ప్రధానంగా ఈ ప్రొటీన్లేనని 1990 నుంచి స్పష్టమవుతూ వచ్చింది. పరీక్షనాళికలో ఈ జంట కొవ్వునంతా ఆక్రమించడంతో గడ్డకట్టించే ప్రొటీన్లకు చోటు దొరకదు. అందుకే ఆలస్యం. ఒంట్లో మాత్రం ఇదే జంట రక్తనాళాల లోపొరను, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తుంది. మాయ కణాలనూ అంటుకుని వాపు పుట్టించి బిడ్డకు అందాల్సిన పోషణను దెబ్బతీస్తుంది.

ఏం చేయాలి?

వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తే కంగారు పడకుండా టీపీహెచ్‌ఏ లాంటి నిర్ధారణ పరీక్ష చేయించాలి. వరుసగా మూడు గర్భాలు పోయినా, పదివారాలు దాటాక కారణం తెలియకుండా బిడ్డ కడుపులోనే చనిపోయినా, చిన్న వయసులో రక్తనాళాల్లో గడ్డలు వచ్చినా లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్ పరీక్షల గురించి వైద్యుణ్ని అడగాలి. ఇన్‌ఫెక్షన్లలోనూ ఇవి తాత్కాలికంగా కనిపిస్తాయి కాబట్టి 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారిస్తారు.

జబ్బు ఖాయమైతే గర్భిణులకు తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఈ చికిత్సతో ఎక్కువమంది పండంటి బిడ్డను కంటున్నారు. గడ్డలు కట్టినవాళ్లకు సాధారణంగా వార్ఫరిన్ దీర్ఘకాలం ఇస్తారు. అది గర్భస్థ శిశువుకు హానికరం. కాబట్టి బిడ్డను కనాలనుకుంటే ముందే వైద్యుడికి చెప్పాలి. సొంతంగా మందు మానడం మరీ ప్రమాదం.

గర్భం నిలవని కోడలిని ఆడిపోసుకోవడం, జాతకాలు తిరగేయడం కన్నా ఈ మూడు పరీక్షలు చేయించడం మేలు. అది ఆమె తప్పూ కాదు, గ్రహాల తప్పూ కాదు.