ఇంగ్లీషు ప్యాసేజీ - మా బెండ చేను

కాంప్రహెన్షన్ ప్యాసేజీకి మార్కులెలా తెచ్చుకోవాలో నాకు ఇంటర్‌లోనే పట్టుబడింది. ప్రశ్నలోని మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించెయ్యడం. అయిదుకి అయిదు! అర్థం కానక్కర్లేదు. ఈ విద్య నాకొక్కడికే తెలుసనుకునేరు, మన హాస్టలంతా ఇదే బాపతు.

నా గుట్టు మా బెండ చేలో బయటపడింది. సెలవులకి వెళ్తే నాన్న పురుగుమందు డబ్బా చేతికిచ్చి, "ఇది కొట్టాక ఎన్నాళ్ళకి కాయ కొయ్యొచ్చురా?" అన్నాడు. లేబులంతా గడగడా చదివాను. జవాబు దొరకలేదు. 'వెయిటింగ్ పీరియడ్' అన్నది కళ్ళెదుటే ఉంది. రెండు మాటలూ విడివిడిగా తెలుసు. ఆఖరుసారి మందు కొట్టిన నాటినుంచి కోతదాకా ఆగాల్సిన రోజులని మాత్రం తట్టలేదు. "బియ్యెస్సీ చదువుతున్నావు గదరా" అని నాన్న కొట్టువాణ్ణి అడగడానికి వెళ్ళాడు. ఆ కాయ ఎవరింట్లోనో కూరౌతుంది గదా!

మన క్లాసులో జరిగేదేమిటి? లెక్చరర్‌గారు వాక్యం చదివి తెలుగు చెప్తారు, మనం మాటల నెత్తిన పెన్సిలుతో రాసుకుంటాం. అంటే చదివేది ఆయన, వినేది మనం. ఆయన్ననడం లేదు, అంతమందితో సిలబస్ పూర్తిచెయ్యడమే గగనం. కానీ 2021-22లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాక, చదివి అర్థం చేసుకోలేనివాడికి కెమిస్ట్రీ కూడా బట్టీయే.

ఎన్.ఎస్. ప్రభుగారు 1979-84 మధ్య దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం చేశారు. రైలు టైమ్‌టేబులు ముందు పెట్టి, ఏ బండి ఎక్కితే వేళకి చేరతామో తేల్చమనడం వంటి పనులు పిల్లలకిచ్చారు. తేల్చాలంటే చదవక తప్పదు, దించెయ్యడానికి వాక్యం ఉండదు. అమెరికాలో పాలిన్‌క్సర్, బ్రౌన్ అనేవారు 1984లో ప్రచురించిన పద్ధతి నాకింకా నచ్చింది. అందులో విద్యార్థులే వంతులవారీగా మాస్టార్లు. పేరా చదివి, తామే ప్రశ్న వేసి, తెలియనిచోట ఆగి విడమర్చుకుని, సారం చెప్పి, తర్వాతేమొస్తుందో ఊహించాలి.

మనకైతే ఒక సవరణ కావాలి. చదివేది ఇంగ్లీషులో, వాదించుకునేది తెలుగులో. తెలుగు మాట్లాడితే ఫైనంటే నోళ్ళు మూతపడతాయి, అర్థం అయిందో లేదో కూడా బయటికి రాదు.

యూనియన్ వారు వారానికో సాయంత్రం లైబ్రరీలో గది ఇప్పిస్తే నలుగురేసి కూర్చుని మొదలుపెట్టొచ్చు. తొలిరోజు పాఠానికి ఆ డబ్బా లేబులు నేనే తెస్తాను.