చిత్రిక మాట మనది, పనిముట్టు ఎవరిది?

'జీవితాన్ని చిత్రిక పట్టిన కథలు' అని నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. చిత్రిక అంటే వడ్రంగి చెక్కని నునుపు చేసే పనిముట్టు. రాసే నాటికి దాన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకున్నదాన్ని కాదు.

పుస్తకాల అరలు నేనే చేసుకుందామని, చెక్కకి గాడులు తీసే రూటర్ మిషన్ కొనడానికి వెళ్లాను. "సార్‌ని తీసుకురండి మేడమ్, ఆయనకి చెప్తాను" అన్నాడు కొట్లో అతను. అతని మీద కోపం రాలేదు. "ఇది డబ్బున్న మగవాళ్ల సరదా, మనకెందుకు?" అని ఒక స్త్రీవాద మిత్రురాలు అన్నప్పుడు మాత్రం వచ్చింది.

ముందు డబ్బు సంగతి. రూటర్‌కి బల్ల కొననక్కర్లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద సన్మైకా అతికించి, మధ్యలో కోసిన చోట పల్చటి గట్టి పలక పొదిగి, దాని అడుగున చిన్న రూటర్‌ని తలకిందులుగా బిగించాను. బిట్ పలక రంధ్రంలోంచి పైకొస్తుంది. స్విచ్ అడుగున పడిపోతుంది కాబట్టి చేతికందేలా ముందువైపు మరో స్విచ్ పెట్టాను. చెక్క ఆనడానికి ఒక తిన్నని పట్టీ, రెండు క్లాంపులు. ఆ పట్టీ బల్ల అంచుకి సమాంతరంగా ఉండనక్కర్లేదు. బిట్‌కి ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. ఒక కొస అలాగే ఉంచి రెండో కొస జరిపితే కొలత మారుతుంది. ఇందులో మగతనం ఎక్కడుంది? కొలతా, ఓపికా ఉన్నాయి. ఆ రెండూ మనకి కొత్తా?

ప్రమాదం లేదనను. ఇలాంటి చిన్న రూటర్లు నిమిషానికి 30,000 సార్ల దాకా తిరుగుతాయి. పట్టీ బిట్‌కి అవతల ఉన్నప్పుడు చెక్కని కుడి నుంచి ఎడమకే నెట్టాలి. తిరగేస్తే చెక్కని లాక్కుపోతుంది, వెంట వేళ్లనీ. బిట్‌కీ పట్టీకీ మధ్య చెక్కని ఎప్పుడూ ఇరికించకూడదు. కళ్లద్దాలూ, దుమ్ముకి మాస్కూ తప్పనిసరి. కొంగు, చున్నీ, గాజులు, విడిచిన జుట్టు, చేతి తొడుగులు పనికిరావు. చిన్నప్పట్నించీ "చున్నీ సర్దుకో" అనే విన్నాను. చున్నీ తీసి పక్కన పెట్టమన్నది ఈ మిషన్ ఒక్కటే.

అయితే మిత్రురాలి మాటలో ఒక నిజం ఉంది, దాటెయ్యను. నాకు సరదాగా మొదలైనది వడ్రంగికి కులం, కూడు. మా ఊళ్లో నేనెరిగిన వడ్రంగి ఇంట్లో తలుపులకి ఉప్పుకాగితం రుద్దింది ఆయన భార్య. జీవితమంతా రుద్దినా ఊరికి ఆమె 'వడ్లాయన పెళ్లాం' మాత్రమే. ముగ్గునీ అల్లికనీ స్త్రీల సంస్కృతి అని పేజీలు నింపిన మనం ఆ చేతుల గురించి ఒక్క వాక్యం రాశామా? మెత్తటి పనులే మనవని ఎవరో గీసిన గీతని మనమే దిద్దుతూ వచ్చామా?

వర్జీనియా వుల్ఫ్ 1929లో సొంత గదీ, ఏడాదికి 500 పౌండ్లూ అడిగింది. మనలో కొందరికి గది దొరికింది. ఆ గదిలో అరలు ఎవరు చేశారో, వాటిని చేసే విద్య మనకెందుకు అందలేదో అడగలేదు.

నా మొదటి అర వంకరగా వచ్చింది. దాని మీదే నా సిద్ధాంత గ్రంథం పెట్టాను. ఈసారి ఎవరి కథ గురించైనా 'చిత్రిక పట్టింది' అని రాసేముందు, ఆ చిత్రిక మన ఇంట్లో ఏ అటక మీద, ఎవరి చేతికి మాత్రమే అందే ఎత్తులో ఉందో చూసి రాద్దాం.