అక్షరం తేడా: తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి?

2015లో రాజమండ్రి రాజమహేంద్రవరమైంది. 2022 ఏప్రిల్ 4న పాత తూర్పు గోదావరి జిల్లా నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడివడ్డాయి. అమలాపురంలో పుట్టినవారి జిల్లా పేరే మారిపోయింది. అయినా వారి పుట్టుకను ఎవరూ శంకించలేదు. ప్రభుత్వ ఉత్తర్వు ఉంది కనుక అది సరిపోయింది. కాని అదే ఊరి ఉపాధ్యాయుని పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం పదో తరగతి మెమోలో ఒకలా, బి.ఇడి. పట్టాలో మరొకలా ఉంటే ఆయన తాను తానేనని రుజువు చేసుకోవలసి వస్తుంది. ఊరి పేరు మార్చినప్పుడు బాధ్యత వహించిన ప్రభుత్వం, పౌరుని పేరు తప్పుగా నమోదైనప్పుడు ఆ భారాన్ని పౌరునిపైనే మోపుతున్నది. గల్ఫ్ దేశాల పాఠశాలల్లో కొలువు ఆశించే మన యువతీయువకుల ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని మేము భావిస్తున్నాము.

గోదావరి జిల్లాల ముస్లింల పేర్లు తెలుగు సంప్రదాయం ప్రకారమే నడుస్తాయి. ఇంటిపేరు ఉండే చోట షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ ముందు నిలుస్తాయి. ఇంట్లో ఉర్దూలో పలికిన పేరును బడిలో తెలుగులో విని రాసుకుంటారు. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నాటికి దానిని ఇంగ్లీషులోకి మారుస్తారు. షేక్ చివర హెచ్ అక్షరం ఒకచోట ఉంటుంది, మరొకచోట ఉండదు. మహమ్మద్‌లో మొదటి అచ్చు ఒక కాగితంలో ఓ, మరొక కాగితంలో ఏ. ఇంకొక దానిలో పేరంతా ఎం.డి. అనే రెండక్షరాలకు కుదించుకుపోతుంది. ఆడపిల్లల పేరు చివరనుండే బీ, బేగం, సుల్తానా ఒకచోట కనిపించి మరొకచోట మాయమవుతాయి. ఊళ్లో ఉన్నంతకాలం దీనిని ఎవరూ పట్టించుకోరు. వీసా దరఖాస్తు దగ్గరే అది అడ్డుగోడగా నిలుస్తుంది.

కాగితాల ప్రయాణం చూడండి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతంలో డిగ్రీ చదివి, తరువాత బి.ఇడి. చేసిన వారిలో కొందరికి ఒక పట్టా ఆంధ్ర విశ్వవిద్యాలయానిది, మరొకటి నన్నయ విశ్వవిద్యాలయానిది. వాటికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపై విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. హేగ్ ఒప్పందం కింద అపోస్టిల్ ముద్రను భారత్‌లో 2005 నుంచి ఇస్తున్నారు. ఆ ఒప్పందం ఒమన్‌లో 2012లో, బహ్రెయిన్‌లో 2013లో, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7న అమలులోకి వచ్చింది. ఎమిరేట్స్‌కు వెళ్లేవారికి మాత్రం ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా అవసరం. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ రుసుము పత్రానికి 50 రూపాయలు. ఈ సంగతి తెలియనివారు ఏజెంట్లకు వేలల్లో సమర్పించుకుంటున్నారు. ఎన్ని ముద్రలు పడినా పేరులోని తేడా అలాగే ఉంటుంది. ముద్ర పత్రం అసలైనదని చెబుతుందే కాని రెండు పత్రాలూ ఒకే మనిషివని చెప్పదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవారూ మనలో ఉన్నారు. ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. ఇంటర్వ్యూ కోసం వెళ్లదలచిన ఉపాధ్యాయునికి ఆ ఖాళీ గడి ఎంత ఖరీదైనదో వేరే చెప్పాలా?

రాజోలు ప్రాంతానికి చెందిన ఒక గణిత ఉపాధ్యాయురాలి కష్టం మాకు తెలుసు. మెమోలో లేని ‘బేగం’ ఆమె పాస్‌పోర్టులో ఉంది. నియామక పత్రం చేతికి వచ్చాక అఫిడవిట్ కోసం, సవరణ కోసం ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరిగారు. సవరణ పూర్తయ్యేసరికి ఆ కొలువు వేరొకరికి దక్కింది. ఆమె చదువులో లోపం లేదు, అనుభవంలో లోపం లేదు.

ఇది వ్యక్తుల అజాగ్రత్త కాదా అని కొందరు అడుగుతారు. కొంతవరకు నిజమే. కాని ఆ దరఖాస్తు నింపిన రోజున ఆమె పదిహేనేళ్ల బాలిక. తండ్రికి ఇంగ్లీషు రాదు. మొదటి తరం చదువరుల నుంచి ఇంతకు మించిన జాగ్రత్తను ఆశించడం న్యాయం కాదు. అందుకే ప్రభుత్వాన్ని మేము కోరేది రాయితీ కాదు. పరీక్షల విభాగం, విశ్వవిద్యాలయం, ఆధార్ కేంద్రం వేర్వేరుగా తిప్పకుండా, ఒకే విచారణతో అన్ని రికార్డుల్లోనూ పేరు సరిచేసే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉండాలి. ఇది ముస్లింలకే కాదు, గల్ఫ్ బాట పట్టే కోనసీమ ప్రజలందరికీ మేలు చేస్తుంది.

విదేశం చేరాక కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. యజమాని దానిని తన బీరువాలో పెట్టుకుంటానంటే ఒప్పుకోనవసరం లేదు. అసలు పట్టాలనూ ఎవరి దగ్గరా వదలకూడదు. ఆపదలో ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్ ఉంది.

ఇక మన వంతు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు పొందాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. కనుక అఖీఖా నాడు పేరు పెట్టేటప్పుడే దాని ఇంగ్లీషు అక్షరాలను కూడా నిర్ణయించి, అలాగే నమోదు చేయించాలి. పదో తరగతి దరఖాస్తులు నింపే రోజుల్లో ప్రతి మస్జిద్ కమిటీ, జుమా నమాజు తరువాత ఒక గంటపాటు, చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టి పిల్లల పేర్లను సరిచూడాలి. దీనికి నిధులు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ ఒక్క గంట, పదేళ్ల తరువాత ఒక ఉపాధ్యాయురాలి కొలువును నిలబెడుతుంది.