సత్యం ఖాతాల సవరణ, వాటాదారుల అసంతృప్తి

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో హైదరాబాదు కేంద్రంగా స్థాపించబడిన సాఫ్ట్‌వేర్ సంస్థ. ఈ సంస్థ కొన్ని సంవత్సరాలపాటు లేని లాభాలను ఉన్నట్లు చూపినట్లు 2009లో బయటపడింది. తరువాత సవరించిన ఖాతాలు వెలువడినా వాటాదారుల అసంతృప్తి తీరలేదు. ఒకే తప్పుడు లెక్కలను నమ్మిన అమెరికా, భారత మదుపరులకు వేర్వేరు ఫలితాలు దక్కడం అందుకు ముఖ్యకారణం.

నేపథ్యం

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. మదుపరుల వ్యతిరేకత వలన కొన్ని గంటల్లోనే ఈ నిర్ణయాన్ని ఉపసంహరించుకొంది.

2009 జనవరి 7న రాజు బోర్డుకు లేఖ రాసి రాజీనామా చేశాడు. ఖాతాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవని అందులో అంగీకరించాడు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం చూపగా, నిజమైన లాభం 61 కోట్లు మాత్రమే. సుమారు 179 రూపాయలున్న షేరు ధర ఆ ఒక్కరోజే 40 రూపాయలకు పడిపోయింది.

సవరించిన ఖాతాలు

కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్త బోర్డును నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున 31 శాతం వాటాకు బిడ్ గెలుచుకొంది. అప్పటికి నమ్మదగిన ఖాతాలు సిద్ధం కాలేదు. 2010 సెప్టెంబరులో వెలువడిన ఖాతాల ప్రకారం 2008-09 నష్టం సుమారు 8,177 కోట్లు, 2009-10 నష్టం సుమారు 125 కోట్లు. అయితే పాత సంవత్సరాల తేడాలను ఏ యేటికాయేడు సరిదిద్దక, 2008-09 ఖాతాలో గతకాలపు సర్దుబాట్లుగా చూపారు. అందుచేత ఏ సంవత్సరంలో తాము ఎంత అధిక ధర చెల్లించారో వాటాదారులు తేల్చుకోలేకపోయారు.

పరిహారంలో వ్యత్యాసం

సత్యం షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా నమోదై ఉండేవి. అక్కడి మదుపరులు ఉమ్మడిగా వేసిన దావా 2011లో పరిష్కారమైంది. సంస్థ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్ 2.55 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. భారతదేశపు కంపెనీల చట్టంలో అప్పట్లో ఇటువంటి ఉమ్మడి దావాకు అవకాశం లేదు. చిన్న మదుపరుల తరఫున మిడాస్ టచ్ ఇన్వెస్టర్స్ అసోసియేషన్ వినియోగదారుల జాతీయ కమిషన్‌ను ఆశ్రయించినా ప్రయోజనం లేకపోయింది. 2009లో సుప్రీంకోర్టు కూడా ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. అమెరికా మదుపరులకు ఇచ్చిన సొమ్ము సంస్థ ఖజానా నుండే వెళ్ళినందున, ఆ భారం కొంత పరోక్షంగా భారత వాటాదారులపైనే పడింది.

తరువాతి పరిణామాలు

2013లో సత్యం టెక్ మహీంద్రాలో విలీనమైంది. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుకు, మరి తొమ్మిదిమందికి ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. మరుసటి నెలలో పై న్యాయస్థానం శిక్షను నిలుపుదల చేసి బెయిలు మంజూరు చేసింది.

కంపెనీల చట్టం, 2013లోని 245వ సెక్షను వాటాదారులు సంస్థపైన, డైరెక్టర్లపైన, ఆడిటర్లపైన ఉమ్మడిగా దావా వేసే హక్కును కల్పించింది. ఇది 2016 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. సత్యం షేర్లలో నష్టపోయినవారికి మాత్రం ఈ హక్కు అవసరమైన సమయంలో అందలేదు.