కళ్లు మూసుకో అన్న మాట

మా మేనకోడలికి ఆరేళ్లు. పుట్టుకతోనే గుండెలో చిన్న రంధ్రం వుంది. దానంతటదే పూడుతుందేమోనని చూశారు; పూడలేదు. ఆపరేషను తప్పదన్నారు డాక్టరుగారు. అది మొదలు ఆ సంగతి పిల్ల చెవిన పడకుండా యింటిల్లిపాదీ కాపలా కాశాం. "హైదరాబాదులో జూ చూడ్డానికి వెడుతున్నాం" అంది మా చెల్లెలు. నేనూ వంత పాడాను.

ముందురోజు రాత్రి ఆస్పత్రిలో మా అమ్మ దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఏం భయం లేదే తల్లీ, కళ్లు మూసుకుంటే అంతా అయిపోతుంది" అంది. అంతే, పిల్ల గొల్లుమంది. యెంత బుజ్జగించినా రెప్ప వాల్చదు. అర్ధరాత్రి దాటాక నా చొక్కా పట్టుకుని, "మామయ్యా, తాతయ్య కూడా కన్ను మూశాడుగా?" అని అడిగింది.

రెండేళ్ల కిందట మా నాన్నగారు పోయినప్పుడు, వచ్చిన ప్రతివారికీ ఆ మాట చెప్పినవాణ్ని నేనే. యిరవైయేళ్లుగా తెలుగు పాఠం చెబుతున్నానన్న పేరే గాని, ఆ పలుకుబడి పసిదాని చెవిలో యెలా పడిందో నాకు తట్టనేలేదు.

మమ్మల్ని ఒడ్డున పడేసింది రాత్రి డ్యూటీ నర్సు. నా విద్యార్థుల యీడుది. ఒక గుడ్డబొమ్మ తెచ్చి, దాని ముక్కుకు మాస్కు పిల్లచేతనే పెట్టించింది. "యిది మందుతో వచ్చే నిద్ర. నొప్పి తెలియకుండా వుండడానికి. పని కాగానే మందు ఆపేస్తాం, నీకు మెలకువ వస్తుంది. చేతికి గొట్టాలుంటాయి. ఛాతీ నొప్పిగా వుంటుంది, దానికీ మందిస్తాం" అంది. నొప్పి మాట దాచలేదు. పిల్ల కాసేపు ఆలోచించి, "తమ్ముణ్ని కొట్టానని చిల్లి పడిందా?" అంది. మాకెవరికీ నోట మాట రాలేదు. "నీ చిల్లి పుట్టేటప్పటికి నీ తమ్ముడు పుట్టనేలేదు" అంది నర్సు. అప్పుడు నిద్రపోయింది పిల్ల.

తెల్లవారాక ఆ అమ్మాయి నాతో అన్నది: "యీ వయసువాళ్లకు నాలుగైదు రోజుల ముందే చెప్పాలి సార్, మరీ చిన్నవాళ్లకైతే ముందురోజు."

తరువాత నేను చదివాను. 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆపరేషనుకై ఎనిమిది రోజులు ఆస్పత్రిలో వున్న రెండేళ్ల పిల్లను సినిమా తీసి చూపించాడు. ఆ పిల్ల పెద్దగా అల్లరి చెయ్యదు. పిల్ల నెమ్మదిగా వుందంటే కుదుటపడినట్టు కాదని ఆయన వాదం. చాలామంది వైద్యులకు కోపం వచ్చింది. 1959లో ప్లాట్ కమిటీ తలిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది. మన దగ్గర తల్లి మంచం పక్కనే వుంటుంది. వుండి అబద్ధం చెబుతుంది!

ఆపరేషను బాగానే జరిగింది. పిల్ల బడికి వెడుతున్నది, పరుగులు పెడుతున్నది. మొన్న సంక్రాంతికి "మా వూరు వెడదాం రా" అని బస్సెక్కించాను. బస్సు యెక్కడికి పోతుందో కండక్టరునడిగి గాని సీటులో కూర్చోలేదు.